ఎక్కుడైతే తిప్పాలె

దండెం పంచాయితీ మొదలై అప్పటికి నాలుగు రోజులైంది.

“ఇంటికి ఉన్నదే ఒక్క దండెం. దాని గుంజకు రెండు సువ్వలు కట్టి తడిబట్ట ఎయ్యొద్దంటాంది నీ బిడ్డె. మరి నా చీరె నెత్తి మీద ఆరేసుకోవాల్నా?” మా అత్తమ్మ గోపమ్మ మెట్ల కింద నిలబడి అడుగుతున్నది. అడిగేది నన్ను. వినాల్సింది స్లాబు మీదున్న కరుణ.

“ఈ కొసకు ఎయ్యకవ్వా, ఆ కొసకు ఏసుకో. తడిబట్ట పక్కకుంటే సిగ్నల్ సరిగ రాదు.”

“ఆ కొసకు మీ తాత దోతి ఉన్నది. మీ తాత దోతికి అడ్డం రాని సిగ్నల్ నా చీరెకే వచ్చిందా?”

“దోతి పల్చగుంటది. నీ చీరె గోడ లెక్క ఉంటది.”

“విన్నవా శోభా? నా చీరెకు గూడ వంక పెడ్తాంది!”

నేను చాటలో కందిపప్పు చెరుగుతూ ఎవరి పక్కా మాట్లాడలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి నేను నేర్చుకున్న మొదటి విద్య అదే.

మూడేండ్ల కిందటి యాసంగి పంట కాలం అది. మా ఊరు కేతేపల్లికి దగ్గర. మూసీ కాలువ కింద వరి. కరుణ నల్లగొండలో పాలిటెక్నిక్ ఆఖరు సంవత్సరం చదువుతున్నది. వాళ్ల దివాకర్ సార్ పెన్‌డ్రైవ్ లాంటి బొటనవేలంత పుల్ల ఒకటి ఇచ్చి, సెలవుల్లో చేసి చూడమన్నాడట. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి చేసిన చవక సామాను అది. దానితో ఉపగ్రహం మాట వినొచ్చని ఈ పిల్ల పట్టు. డిష్ వచ్చినప్పటి నుంచి సజ్జ మీద దుమ్ము పట్టి ఉన్న పాత టీవీ ఏంటెనాను దించి, రెండు అల్యూమినియం సువ్వలు కోసింది. ఒక్కోటి మూరెడు మీద నాలుగు వేళ్లు. కొలిచి ఇచ్చింది అత్తమ్మే. దేనికో తెలియక కొలిచింది గానీ, తెలిసుంటే చెయ్యి చాచేదే కాదు. ఆ రెండింటినీ విప్పిన కత్తెర లాగా దండెం గుంజకు అడ్డంగా కట్టి, మిగిలిపోయిన డిష్ వైరు తగిలించి, దాన్ని మెట్ల గదిలోని పాత లాప్‌టాప్ దాకా లాగింది.

మొదటిసారి విన్నది నేనే. పొద్దున ఏడు దాటింది. కరుణ “అమ్మా, ఉరుకు!” అంటే పొయ్యి మీద పాలు వదిలేసి పోయాను. చాలాసేపు ఇసుక పోసినట్టు గరగర. తర్వాత ఆ గరగర లోపలి నుంచి గడియారం కొట్టుకున్నట్టు టిక్కు, టిక్కు. దాని వెనక సన్నని కూత.

“ఎనిమిది వందల కిలోమీటర్ల పైనుంచి వస్తాందమ్మా. ఇప్పుడు మన నెత్తి మీదికెళ్లి పోతాంది.”

“మనతోనే మాట్లాడుతాందా?”

“ఎవరు వింటే వాళ్లతోని.”

తెర మీద బొమ్మ ఒక్కో గీతగా దిగింది. మగ్గం మీద బట్ట దిగినట్టే. నల్లగా సముద్రం, బూడిద రంగులో నేల, తెల్లగా మబ్బుల మొగులు. “కుడి చెయ్యి దిక్కు సముద్రం. ఎడమ దిక్కు పాలమూరు, దాని అవతల కర్నాటక. నడుమల మనం,” అని కరుణ వేలు పెట్టి చూపించింది. పదో తరగతి దాటని నేను మా ఊరును ఆకాశం నుంచి చూశాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తమ్మ ఆ మాట రెండు రోజులు అన్నది.

ఇంట్లో అసలు ముడి దండెం కాదు, కరుణ చదువు. ఈసెట్ రాసి ఇంజినీరింగ్‌లో చేరాలని దాని కోరిక. మార్చిలోనే జడ్చర్ల దగ్గర మందుల కంపెనీ వాళ్లు కాలేజీకి వచ్చి దీన్ని ఉద్యోగానికి తీసుకున్నారు. వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా నాన్చుతున్నది. మా ఆయన నాగేందర్ ఎటూ తేల్చలేదు. “వడ్లు కాంటా కానియ్యి, చెప్త,” అనేవాడు. మా ఇంట్లో ఆఖరు మాట మామ మల్లప్పది. ఆయనకు ఆడపిల్ల చదువు మీద కోపం లేదు, నమ్మకమూ లేదు.

ఆ నమ్మకం వడ్ల వల్లనే వచ్చింది. కోత అయిపోయి వడ్లు కొనుగోలు సెంటర్‌లో ఆరబోసి ఉన్నాయి. తేమ పదిహేడు శాతానికి దిగితే తప్ప కాంటా పెట్టి తూకం వెయ్యరు. ఒకరోజు పొద్దున బొమ్మ చూసి కరుణ గబగబా కిందికి వచ్చింది. “తాతా, పడమట పెద్ద మొగులున్నది. పగటాల్లకే కుప్ప చేసి పట్టాలు కప్పున్రి.” ఎండ చిటచిటలాడుతున్నది. సెంటర్‌లో మా పక్కనే ఆరబోసిన అంజయ్య తన వడ్లను కాళ్లతో తిరగేస్తూ, “ఏం మల్లన్నా, మనుమరాలు పంచాంగం చెప్తాందా?” అని నవ్వాడు. అయినా మామ కుప్ప చేయించాడు. మూడింటికి గాలిదుమారం లేచింది. వాన అరగంట దంచింది. మా కుప్ప మీద చుక్క పడలేదు.

మరునాటి నుంచి పొద్దున ఏడింటికి మామ చాయ్ గ్లాసు పట్టుకొని మెట్ల గదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉపగ్రహం అనడం ఆయనకు రాదు. “ఏమంటాంది బిడ్డా నీ సుక్క?” అనేవాడు. అంజయ్య, పుష్పమ్మ, ఇంకో నలుగురు సెంటర్‌కు పోతూ మా గేటు దగ్గర ఆగి అడిగిపోయేవాళ్లు. మామ ఒకరోజు అన్నం తింటూ కొడుకుతో అన్నాడు: “సదువనియ్యిరా పిల్లను. పైన సుక్కతోని మాట్లాడుతాంది, కింద మనతోని మాట్లాడలేదా?” కరుణ తల వంచుకొని నవ్వింది. అత్తమ్మ కూడా ఆ రోజు చీరెను ఆ కొసకే ఆరేసింది.

నెలాఖరులో కరుణకు ప్రాక్టికల్స్. రెండు రోజులు నల్లగొండలో స్నేహితురాలి గదిలో ఉండాలి. సరిగ్గా అప్పుడే మా వడ్ల తేమ పద్దెనిమిది దగ్గర ఆగింది. మరుసటి పొద్దున కాంటాకు మా వంతు. పోయే ముందు కరుణ నన్ను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

“మాపు ఏడుంబావుకు ఒకటి వస్తదమ్మా. ఈ బటన్ ఒత్తు. అయినంక మళ్ల ఒత్తు. అంతే.”

“నాకు రాదే తల్లీ.”

“వస్తది. అన్నీ ఇందుల రాసి పెట్టిన.”

గోడకు కాగితం అంటించింది. పొద్దుటివన్నీ ఉత్తరం నుంచి కిందికి దిగుతాయట, మాపటివి దక్షిణం నుంచి పైకి ఎక్కుతాయట. అప్పటిదాకా నేను చూసినవన్నీ పొద్దుటివే. కాగితం మీద ఏ రోజు ఏ వేళకో రాసి, కింద పెద్ద అక్షరాలతో ఇట్లా ఉంది: దిగుడైతే అట్లనే. ఎక్కుడైతే తిప్పాలె.

ఆ మాపు ఏడింటికి నేను స్లాబు ఎక్కాను. కాగితంలో ఏడుంబావుకు ఎదురుగా “ఎక్కుడు” అని ఉంది. ఎక్కుడైతే తిప్పాలె. దండెం గుంజ దగ్గరికి పోయి, తాడు వదులు చేసి, ఉత్తర దక్షిణాలుగా ఉన్న సువ్వలను తూర్పు పడమరలకు తిప్పి గట్టిగా కట్టాను. గుర్తుంచుకొని చేశానని నాకు నేనే మురిసిపోయాను.

టిక్కు టిక్కు వచ్చింది గానీ గరగర ఎక్కువ. బొమ్మ నిండా గీతలు. సముద్రం ఒడ్డు కనబడలేదు. కుడి దిక్కు మాత్రం ఇంత పెద్ద తెల్లటి ముద్ద ఉంది. కుడి చెయ్యి దిక్కు సముద్రం. అది నాకు నోటికి వచ్చిన పాఠం.

కింది నుంచి మా ఆయన కేకేశాడు. “శోభా, ఏమంటాంది?”

మెట్ల మీదికి వచ్చి చూస్తే వాకిట్లో మా ఆయన, మామ, గేటు బయట మోటర్‌సైకిల్ మీద ఒక కాలు ఆనించి అంజయ్య. ముగ్గురూ తలలెత్తి నన్నే చూస్తున్నారు. వరి ఎప్పుడు కొయ్యాలె, వడ్లు ఎక్కడ పొయ్యాలె అని నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ ఇంటికి వచ్చిన ఇరవై రెండేండ్లలో అదే మొదలు.

“మొగులంతా సముద్రం మీదికి పోయింది. మన దిక్కు సాఫ్‌గ ఉన్నది,” అన్నాను.

“పక్కానా శోభా?” అన్నాడు అంజయ్య.

“పక్కా.”

“మరి కుప్ప చెయ్యొద్దు. పట్టా కింద ఉమ్మగిల్లుతయి. ఇట్లనే నెరిపి పెడితే తెల్లారే వరకు పదిహేడుకొస్తది,” అన్నాడు మామ. జిల్లాలో అక్కడక్కడ వాన పడొచ్చని వారం నుంచి రోజూ ఫోన్లలో వస్తూనే ఉంది. దాన్ని పట్టించుకోవడం అందరూ ఎప్పుడో మానేశారు.

అత్తమ్మ అరుగు మీది నుంచి, “పడమట మెరిసినట్టాయె,” అంది.

“ఎండ కాకకు మెరుస్తది అత్తమ్మా,” అన్నాను నేను. ఆమె మాటకు ఎదురు చెప్పడం కూడా నాకు అదే మొదలు.

కాసేపటికి కరుణ ఫోన్ చేసింది.

“అమ్మా, బొమ్మ వచ్చిందా?”

“వచ్చింది బిడ్డా. అంతా సాఫ్‌గ ఉన్నది.”

“తిప్పినవా మరి?”

“తిప్పిన. మర్చిపోతనా?”

“శభాష్! నువ్వుంటే నాకేం ఫికర్ లేదు,” అని నవ్వింది. చదువుకో పొమ్మని నేనే ఫోన్ పెట్టేశాను.

తెల్లవారి నేను సెంటర్‌కు పోయేసరికి నేల కనబడలేదు. మడమలు మునిగే నీళ్లు, నీళ్ల మీద మా వడ్లు. రాళ్లు కూడా పడ్డాయి, మూలల్లో ఇంకా కరగకుండా ఉన్నాయి. రోడ్డు పక్క మోరీలోకి వడ్లు సన్నటి ధారగా పోతుంటే మా ఆయన తువ్వాల అడ్డం పెట్టి ఆపుతున్నాడు. తువ్వాలతో ఆగుతాయా. మామ పట్టాల కట్ట మీద కూర్చొని ఉన్నాడు. రాత్రి ఇంట్లోనే ఉండిపోయిన పొడి పట్టాలు, విప్పనివి.

మావి ఒక్కటే కాదు. మా గేటు దగ్గర అడిగిపోయే ఆరు ఇండ్లవీ, అంజయ్య చెప్పిన మాట విని, నెరిపినట్టే ఉన్నాయి. పుష్పమ్మ చాటతో నీళ్లలోంచి వడ్లు ఎత్తి పోస్తూ తల ఎత్తకుండానే అంది: “మంచిగ చెప్పింది శోభా నీ బిడ్డె మెషీను.”

కరుణ రెండో రోజు ప్రాక్టికల్ అయిపోగానే బయలుదేరి, నకిరేకల్‌లో బస్సు మారి, మూడింటికి దిగి, ఇంటికి రాకుండా బ్యాగు భుజానే వేసుకొని సెంటర్‌కు వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. చున్నీ నడుముకు కట్టి మాతోపాటు పొద్దుమూకే దాకా వడ్లు ఎత్తింది. ఇంటికి వచ్చాక నేరుగా స్లాబు ఎక్కింది. నేను వెనకాలే పోయాను.

అది దండెం గుంజ దగ్గర ఆగిపోయింది. తూర్పు పడమరలుగా ఉన్న సువ్వలను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తాడు విప్పి, వాటిని మెల్లగా ఉత్తర దక్షిణాలకు తిప్పి కట్టింది. మెట్ల గదిలోకి వచ్చి లాప్‌టాప్ తెరిచి, నేను పట్టిన బొమ్మను తీసి, ఒక్క మీట నొక్కింది. బొమ్మ తలకిందులైంది. కుడి దిక్కున్న తెల్లటి ముద్ద ఎడమ దిక్కుకు వచ్చి నిలబడింది. పాలమూరు మీద.

దిగేటప్పుడు పై నుంచి గీస్తుంది. ఎక్కేటప్పుడు కింది నుంచి గీస్తుంది. అందుకని మాపటి బొమ్మ తలకిందులుగా వస్తుంది. తిప్పాల్సింది సువ్వలను కాదు.

“కరుణా...” అన్నాను.

“నేనే సరిగ రాయలేదమ్మా. ‘బొమ్మ’ అన్న మాట ఇడిసిపెట్టిన.” లాప్‌టాప్ మూసింది. “ఫోన్ల గూడ సరిగ అడగకపోతి.”

కింద వాకిట్లో అంజయ్య గొంతు వినబడుతున్నది. ఇద్దరం దిగాం. ఇంకా ముగ్గురు నలుగురు వచ్చి ఉన్నారు. ఎవరూ కొట్లాడటానికి రాలేదు, అదే కష్టంగా ఉంది. మామ కరుణను ఎదురుగా నిలబెట్టి అడిగాడు.

“మీ అమ్మ అమాయకురాలు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మరి నీ సుక్క ఎందుకు అబద్ధమాడింది?”

నేను మెట్టు మీదనే ఉన్నాను. చెప్పడానికి ఎంతసేపు? నేను తప్పు చదివాను మామా, సుక్క నిజమే చెప్పింది. ఇంతే కదా. అత్తమ్మ నా వైపు చూస్తున్నది. పడమట మెరిసిందని చెప్పిన అత్తమ్మ. పుష్పమ్మ చూస్తున్నది. రేపటి నుంచి ఈ వాకిట్లో నా ముఖం ఎట్లా ఉంటుందో నేను లెక్క వేసుకుంటున్నాను.

“సిగ్నల్ సరిగ రాలే తాతా,” అంది కరుణ. “చవక సామాను. దాన్ని నమ్మి చెప్పుడు నాదే తప్పు.”

“అది ఆడుకునే సామాను అని ముందుగాల్నే చెప్పకపోతివి,” అన్నాడు అంజయ్య. తిట్టినట్టు లేదు. అలిసిపోయినట్టు ఉంది.

మామ “సదువు సదువు అంటే ఏందో అనుకున్న,” అన్నాడు. తువ్వాల దులిపి లోపలికి పోయాడు.

ఆ మాటలో ఏం పోయిందో నాకూ తెలుసు, కరుణకూ తెలుసు. ఈసెట్ ఫారానికి ఇంకా పది రోజులు గడువు ఉంది. ఆ పది రోజుల్లో నేను ఎన్నిసార్లు నోరు తెరవబోయానో నాకే లెక్క లేదు. మామ చాయ్ తాగేటప్పుడు చెప్పాలనుకున్నాను. మా ఆయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పాలనుకున్నాను. ఒకనాడు పొలం గట్టు మీద నిజంగానే మొదలుపెట్టాను. “ఆ రోజు బొమ్మ...” అన్నాను. “ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు,” అన్నాడు ఆయన. విడిచిపెట్టాను. ఆయన వద్దన్నందుకే ఆగానని అప్పుడు అనుకున్నాను. ఎనిమిదో రోజుకు వడ్లకు తెల్లగా మొలకలు వచ్చాయి. అవి చూశాక చెప్పడం ఇంకా కష్టమైంది.

పొద్దున ఏడింటికి మెట్ల గదిలోకి ఎవరూ పోవడం లేదు. కరుణ కూడా పోలేదు. ఆ వేళకు నాకు మాత్రం పొయ్యి దగ్గర చెవులు నిక్కేవి. ఇప్పుడు మా నెత్తి మీది నుంచి పోతూ ఉంటుంది, వినేవాళ్లు లేకపోయినా చెప్పుకుంటూ పోతూ ఉంటుంది అనిపించేది.

ఆ పాత ఉపగ్రహాలను పోయిన ఏడాది ఆపేశారట. కరుణే ఈ మధ్య ఫోన్లో చెప్పింది, ఏదో మాట వస్తే. “ఇప్పుడు సువ్వలు కట్టినా ఆ టిక్కు టిక్కు రాదమ్మా.” నేను “అవునా” అన్నాను. చెప్పడానికి అది కూడా ఒక అదునే. అప్పుడూ “అన్నం తిన్నవా” అనే అడిగాను.

ఆ యాసంగి ఆఖరు ఆదివారం పగటి బువ్వకు ఇంట్లో అందరం ఉన్నాం. మామ, మా ఆయన వరసగా కూర్చున్నారు. అత్తమ్మ గోడకు ఆనుకొని కాళ్లు చాపుకొని తింటున్నది. కరుణ స్లాబు మీది నుంచి దిగివచ్చి, చేతులు కడుక్కొని, నా పక్కన కూర్చుంది. సగం తిన్నాక అంది, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

“బాపు, జడ్చర్ల కంపెనోళ్లకు ఫోన్ చేసిన. వస్తనని చెప్పిన. బుధవారం చేరాలె.”

మా ఆయన ముద్ద చేతిలో ఆగింది. “మరి ఈసెట్?”

“ఫారం నింపలే. నిన్ననే ఆఖరు.”

మామ కంచంలోంచి తల ఎత్తాడు. “నేనేదో కడుపు మంటల అన్న బిడ్డా.”

“నువ్వన్నదానికి కాదు తాతా. నాకే పోవాలనిపించింది.”

“ఉండనీకి ఎట్ల?” అంది అత్తమ్మ.

“హాస్టల్ ఉన్నదవ్వా. నాతోని చదివిన శైలజ గూడ వస్తాంది.”

కరుణ నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్ని అని ఈ మూడేండ్లూ అనుకుంటూ వస్తున్నాను. అది చూడకపోవడం నా కోసమే అని కూడా నాకు తెలుసు.

“అవ్వా, దండెం ఖాళీ చేసిన,” అంది అది మళ్లీ ముద్ద కలుపుకుంటూ. “సువ్వలు సజ్జ మీద పెట్టిన. ఇగ రెండు కొసలకూ ఏసుకో.”

అత్తమ్మ తినడం ఆపి మెట్ల వైపు చూసింది.

నేను లేచి పచ్చిపులుసు గిన్నె తెచ్చాను. “పొయ్యనా?” అని అడిగాను.

“కొంచెం,” అని కరుణ కంచం ముందుకు జరిపింది.